టైటిల్ బార్ చదివిన లాయరు

అమెరికా క్లయింట్లకి పనిచేసే ఐటీ ఆఫీసుల్లో అప్పుడప్పుడూ ఒక మెయిల్ వస్తుంది. సబ్జెక్ట్ లైన్‌లో 'లీగల్ హోల్డ్' అని ఉంటుంది. ఫలానా ప్రాజెక్టుకి సంబంధించిన మెయిల్స్, చాట్స్, డాక్యుమెంట్లు ఏవీ డిలీట్ చెయ్యొద్దని నాలుగు పేరాలు. చాలామంది చదవకుండానే పక్కన పడేస్తారు. దానర్థం మాత్రం సీరియస్సే. మన కంపెనీ మీదో, మన క్లయింట్ మీదో ఎక్కడో ఒక కేసు పడింది, లేదా పడబోతోంది. టీమ్ చాట్‌లో మనం సరదాగా కొట్టిన ఒక లైన్‌ని రేపెప్పుడో న్యూయార్క్‌లోనో శాన్ హోజేలోనో ఒక లాయరు ప్రింట్ తీసి ముందు పెట్టి, 'ఇది రాసింది మీరేనా?' అని అడగొచ్చు.

అలా అడిగే మనిషి ఉద్యోగం గురించే ఈ వారం.

మనకి లాయరంటే సినిమా లాయరే గుర్తొస్తాడు. నల్లకోటు, బల్ల గుద్దడం, ఆఖరి నిమిషంలో తలుపు తోసుకుని వచ్చే సాక్షి. కార్పొరేట్ కేసులు వాదించే ట్రయల్ లాయరు బతుకు అలా ఉండదు. ఒక కంపెనీ ఇంకో కంపెనీ మీద వేసిన దావా, షేర్‌హోల్డర్లు మేనేజ్‌మెంట్ మీద వేసిన దావా, ప్రభుత్వం ఒక కంపెనీ మీద పెట్టిన కేసు, ఇవీ ఆయన దగ్గరికి వచ్చేవి. ఒక్కోటి ఏళ్ళ తరబడి నడుస్తుంది. అందులో కోర్టులో నిలబడి మాట్లాడేది కొన్ని వారాలే. మిగతాదంతా చదవడమే.

అమెరికాలో 'డిస్కవరీ' అని ఒక దశ ఉంటుంది. కేసు విచారణకి రాకముందే రెండు వైపులవాళ్ళూ తమ దగ్గరున్న సంబంధిత కాగితాలన్నీ అవతలివాళ్ళకి ఇచ్చి తీరాలి, తమకి నష్టం చేసేవి కూడా. పెద్ద కేసైతే లక్షల పేజీలు. వీటిని మొదట చదివేది కొత్తగా చేరిన జూనియర్లు. ఆ పనిలో కొంత ఇండియాకీ వస్తుంది. మన లా గ్రాడ్యుయేట్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎవరో అమెరికా మేనేజర్ల పాత మెయిల్స్‌ని 'కేసుకి సంబంధం ఉంది', 'లేదు' అని విడదీస్తుంటారు. 2012లో న్యూయార్క్‌లో ఒక ఫెడరల్ మేజిస్ట్రేట్ జడ్జి ఈ ఏరివేతకి మెషీన్ లెర్నింగ్ వాడుకోవచ్చని ఒప్పుకున్నారు. ఇంత చేశాక కోర్టులో నిజంగా పనికొచ్చేవి చాలా కొద్ది కాగితాలు. అవేవో పట్టుకోవడమే అసలు విద్య.

ఆ విద్యలో ఒక తరం మొత్తానికి పేరు మోసిన మనిషి డేవిడ్ బోయిస్. 1941లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో పుట్టారు. విచిత్రం ఏంటంటే, చదవడమే వృత్తిగా ఉన్న ఈ మనిషికి డిస్‌లెక్సియా. మూడో తరగతి దాకా చదవడం రాలేదు. హైస్కూల్ అయ్యాక కొన్నాళ్ళు భవన నిర్మాణ పనులకి కూడా వెళ్ళారు. తర్వాత 1966లో యేల్ లా స్కూల్‌లో డిగ్రీ తీసుకుని, న్యూయార్క్‌లో క్రావత్ అనే పాత, పెద్ద లా ఫర్మ్‌లో చేరారు. కాగితం చూసి చదివే అలవాటు లేదు కాబట్టి జ్ఞాపకం మీదే ఆధారపడేవారు. నోట్స్ పెద్దగా చూడకుండా, తల ఎత్తి సాక్షి కళ్ళలోకి చూస్తూ ప్రశ్నలు అడగడం ఆయన శైలి అయింది.

క్రావత్‌లో ఆయన పనిచేసిన పెద్ద కేసు ఐబీఎంది. గుత్తాధిపత్యం చేస్తోందని 1969లో అమెరికా ప్రభుత్వం ఐబీఎం మీద కేసు వేసింది. 13 ఏళ్ళు నడిచి, 1982లో ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. బోయిస్ ఐబీఎం తరఫు లాయర్లలో ఒకరు. ఒక కేసులోనే కెరీర్‌లో సగం గడిచిపోయిన లాయర్లు ఉన్నారక్కడ. మనవాళ్ళు ఒకే లెగసీ ప్రాజెక్టులో పదేళ్ళు ఇరుక్కుపోయామని ఏడుస్తారు కదా, ఇది అంతకు మించి.

1997లో ఆయన క్రావత్ నుంచి బయటికి వచ్చేశారు. కారణం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ టీమ్ తరఫున మేజర్ లీగ్ బేస్‌బాల్ మీద ఆయన ఒక కేసు తీసుకున్నారు. క్రావత్‌కి పెద్ద క్లయింట్ టైమ్ వార్నర్. ఆ టైమ్ వార్నర్‌కి ఇంకో బేస్‌బాల్ టీమ్ ఉంది. 'మా లాయర్లే మా మీద కేసా?' అని వాళ్ళు అభ్యంతరం చెప్పారు. దీన్నే కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ అంటారు. ఒకే లాయరు రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదు. బోయిస్ యాంకీస్‌ని వదల్లేదు, ఫర్మ్‌నే వదిలేశారు. సొంత ఫర్మ్ పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే మైక్రోసాఫ్ట్ కేసు వచ్చింది. 1998 మే నెలలో అమెరికా ప్రభుత్వం, కొన్ని రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ మీద దావా వేశాయి. విండోస్‌తో పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని అంటగట్టి, నెట్‌స్కేప్ బ్రౌజర్‌ని తొక్కేస్తోందని ఆరోపణ. ఒకప్పుడు కంప్యూటర్ కంపెనీని ఇదే చట్టం నుంచి కాపాడిన లాయర్ని ఇప్పుడు ఇంకో కంప్యూటర్ కంపెనీ మీదికి ప్రభుత్వం తెచ్చుకుంది.

ఆ ఆగస్టులో బిల్ గేట్స్ డిపొజిషన్ మొదలైంది. డిపొజిషన్ అంటే కోర్టు బయట, ఒక మామూలు గదిలో, ప్రమాణం చేయించి అవతలి లాయరు ప్రశ్నలడగడం. జడ్జి ఉండరు. కెమెరా ఉంటుంది. మూడు రోజుల్లో దాదాపు 20 గంటలు. ఆ వీడియో క్లిప్పులు ఇప్పటికీ యూట్యూబ్‌లో దొరుకుతాయి, ఓపిక ఉంటే ఒకసారి చూడండి. ప్రపంచంలోకెల్లా ధనవంతుడు కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ, ఒక్కో మాటకీ అర్థం అడుగుతుంటాడు. 1996లో మీరు ఏ బ్రౌజర్ల గురించి ఆందోళన పడ్డారు అంటే, 'ఆందోళన' అంటే మీ ఉద్దేశం ఏంటో తెలీదంటాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక చిన్న ముక్క. గేట్స్ పంపిన ఒక మెయిల్ పైన 'ఇంపార్టెన్స్: హై' అని ఉంది. అది టైప్ చేసింది ఎవరని బోయిస్ అడిగారు. కంప్యూటర్ అన్నాడు గేట్స్. కంప్యూటర్ ఎందుకు అలా టైప్ చేసింది? అది మెయిల్‌కి ఉండే ఒక యాట్రిబ్యూట్. ఆ యాట్రిబ్యూట్ ఎవరు పెడతారు? మామూలుగా పంపినవాళ్ళు. ఇక్కడ పంపింది ఎవరు? నేనే అనిపిస్తోంది.

టెక్నికల్‌గా గేట్స్ చెప్పింది ఒక్కటీ అబద్ధం కాదు. కోడ్ రివ్యూలో మనమూ ఇలాగే జవాబులు చెబుతాం. బోయిస్ గొంతు పెంచలేదు, వెక్కిరించలేదు. తర్వాతి ప్రశ్న, ఆ తర్వాతి ప్రశ్న, అంతే. నాలుగు చిన్న ప్రశ్నల్లో, ఎదుటి మనిషి సూటిగా చెప్పడం లేదన్న సంగతి చూసేవాళ్ళకే అర్థమైపోయింది. ఆ క్లిప్పులు కోర్టులో వేసినప్పుడు జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ కూడా నవ్వారు.

ట్రయల్ అక్టోబర్‌లో మొదలైంది. జ్యూరీ లేదు, జడ్జి ఒక్కరే. వైపుకి 12 మంది సాక్షులు. సాక్షి చెప్పాల్సింది ముందే రాతపూర్వకంగా ఇచ్చేస్తారు, కోర్టులో జరిగేది ఎక్కువగా క్రాస్ ఎగ్జామినేషనే. అంటే బోయిస్ లాంటివాడికి పండగ.

1999 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ తరఫున జిమ్ ఆల్చిన్ వచ్చారు. విండోస్ విభాగానికి పెద్ద, కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్, విండోస్ నుంచి బ్రౌజర్‌ని తీసెయ్యొచ్చని చూపించడానికి ఒక ప్రోగ్రామ్ రాశారు. ఆ ప్రోగ్రామ్ వాడితే విండోస్ పనితీరు దెబ్బతింటుందని చెప్పడానికి మైక్రోసాఫ్ట్ ఒక డెమో వీడియో తెచ్చింది. బోయిస్ ఆ వీడియోని కోర్టులో వేయించారు. ఒకచోట ఆపమన్నారు. విండో పైన టైటిల్ బార్ చదవమన్నారు. ఫెల్టెన్ ప్రోగ్రామ్ నడిచిన మెషీన్ అయితే ఆ టైటిల్ బార్‌లో అలా ఉండకూడదు. మరి ఇది ఏ మెషీన్?

ఆల్చిన్ దగ్గర జవాబు లేదు. ఆ వీడియోలో తేడా ఉందని ఒప్పుకోక తప్పలేదు. తర్వాత మైక్రోసాఫ్ట్, ప్రభుత్వ మనుషులు చూస్తుండగా డెమో మళ్ళీ తీయాల్సి వచ్చింది. ఇదంతా బోయిస్ ఒక్కడే కనిపెట్టేశాడనుకోకండి. వెనకాల టెక్నికల్ మనుషులున్నారు, ఆయన ఇంజినీరు కూడా కాదు. కానీ టెస్టర్లు పట్టుకున్న బగ్‌ని ఎప్పుడు, ఎవరి ముందు, ఏ క్రమంలో బయటపెట్టాలో తెలిసినవాడు.

జడ్జి తీర్పు మైక్రోసాఫ్ట్‌కి వ్యతిరేకంగా వచ్చింది. 2000 జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చెయ్యమన్నారు. 2001లో అప్పీల్ కోర్టు ఆ విభజనని కొట్టేసింది, జడ్జి విలేకరులతో మాట్లాడినందుకు గట్టిగా చీవాట్లు కూడా పెట్టింది. గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలబెట్టుకుందన్న మాట మాత్రం నిలిచింది. చివరికి రాజీ కుదిరింది. 2000 డిసెంబర్‌లో అధ్యక్ష ఎన్నికల కేసులో బోయిస్ అల్ గోర్ తరఫున వాదించి ఓడిపోయారు. అదే కేసులో తనకి ఎదురు నిలబడ్డ టెడ్ ఓల్సన్‌తో కలిసి తర్వాత కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాల హక్కు కోసం వాదించి, 2013లో గెలిచారు. కథ అక్కడ ఆపేస్తే హీరో కథే.

ఇంతవరకు చెప్పింది వృత్తిలో ఒక సగం. రెండో సగం 'ఇన్వెస్టిగేషన్స్'. కంపెనీలో ఏదో తప్పు జరిగిందని ఫిర్యాదు వస్తే, బయటి లా ఫర్మ్‌ని పిలిచి లోపల విచారణ చేయిస్తారు. లాయర్లు ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడతారు. అమెరికాలో పద్ధతిగా పనిచేసే లాయరు మొదట ఒక మాట చెబుతాడు: నేను కంపెనీ లాయర్ని, మీ లాయర్ని కాదు; మనం మాట్లాడుకున్నది రహస్యంగా ఉంచే హక్కు కంపెనీది; కావాలంటే కంపెనీ బయటపెట్టొచ్చు. 1981లో అప్‌జాన్ అనే కంపెనీ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఆ గదిలో టీ ఇచ్చి, పేరు పెట్టి పిలిచి, ఎంత ఆప్యాయంగా మాట్లాడినా, ఆయన మన తరఫు కాదు. మొదటి ఉద్యోగంలో ఉన్న కుర్రాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

థెరనోస్ కథ మీలో చాలామందికి తెలుసు. వేలి చివర నుంచి తీసిన నాలుగు రక్తపు చుక్కలతో బోలెడన్ని పరీక్షలు చేస్తామంది. 2014లో దాని విలువ 900 కోట్ల డాలర్లు అన్నారు. వ్యవస్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్. ఆమె లాయరు బోయిస్. ఫర్మ్ తన ఫీజులో కొంత థెరనోస్ షేర్ల రూపంలో తీసుకుంది. 2015లో ఆయన కంపెనీ బోర్డులో కూడా చేరారు.

ఆ కంపెనీలో ఇద్దరు కుర్ర ఉద్యోగులు, టైలర్ షుల్ట్జ్, ఎరికా చంగ్. అప్పుడే కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు. ల్యాబ్‌లో మెషీన్లు సరిగ్గా పనిచెయ్యట్లేదని చూశారు, లోపల చెప్పారు, ఎవరూ వినలేదు, మానేశారు. టైలర్ తాతగారు జార్జ్ షుల్ట్జ్, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి, అప్పట్లో థెరనోస్ బోర్డు సభ్యుడు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి జాన్ కారీరూ కూపీ లాగుతున్నాడని కంపెనీకి తెలిశాక, ఒకరోజు టైలర్ తాతగారింటికి మాట్లాడుకుందామని వెళ్ళాడు. మేడ మీద బోయిస్ ఫర్మ్ లాయర్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు, కాగితాలతో సహా. సంతకం పెట్టమని ఒత్తిడి. ఆ కుర్రాడు పెట్టలేదు. వాళ్ళమ్మా నాన్నలకి లాయర్ ఫీజులే 4 లక్షల డాలర్లు దాటాయి. ఎరికాకి బోయిస్ సంతకంతో ఉత్తరం వచ్చింది. ఆమె తాత్కాలికంగా తలదాచుకుంటున్న ఇంటి అడ్రస్ దాని మీద ఉంది. అంటే ఎవరో వెంటపడి చూస్తున్నారనే కదా అర్థం.

2015 జూన్‌లో బోయిస్ తన టీమ్‌తో పత్రిక ఆఫీసుకే వెళ్ళి గంటల తరబడి వాదించారు. పత్రిక ఆగలేదు, అక్టోబర్‌లో వేసింది. (ఆ పత్రిక యజమాని రూపర్ట్ మర్డాక్ సొంత డబ్బు 12.5 కోట్ల డాలర్లు థెరనోస్‌లో పెట్టి ఉన్నాడు. ఆయన కూడా కథనం ఆపలేదు.) 2016లో ఫర్మ్, థెరనోస్ విడిపోయాయి. 2022లో హోమ్స్‌ని దోషిగా తేల్చి 11 ఏళ్ళ 3 నెలల జైలు వేశారు. బోయిస్ మీద ఏ నేరారోపణా రాలేదు, అది స్పష్టంగా చెప్పాలి.

నాకు పట్టని సంగతి ఒకటే. టైటిల్ బార్‌లో ఉండాల్సిన మాట లేదని పట్టుకున్న మనిషికి, తన క్లయింట్ ల్యాబ్ లెక్కల్లో తేడా కనపడలేదా? వృత్తిలో ఉన్నవాళ్ళని అడిగితే, లాయరు పని క్లయింట్‌ని నమ్మడం, తీర్పు చెప్పడం కాదు అంటారు. నిజమే, ఎంత చెడ్డవాడికైనా లాయరు ఉండాలి. లేకపోతే కోర్టే ఉండదు. కానీ మంచి ట్రయల్ లాయరు మొదటి క్రాస్ ఎగ్జామినేషన్ తన క్లయింట్‌కే చేస్తాడని కూడా వాళ్ళే చెబుతారు, తలుపులు వేసుకుని, తన ఆఫీసులోనే. షేర్లు చేతిలో ఉండి, బోర్డులో కుర్చీ ఉంటే ఆ ప్రశ్నలు ఎవరు అడుగుతారు? తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించడానికి మన లాయర్లకి ఫీజు ఇస్తాం, సరే. కుందేలులో వాటా కూడా ఇస్తే నాలుగో కాలు కంటికి ఆనదు. ఫీజు షేర్లలో తీసుకోవడం అమెరికాలో అనుమతి ఉన్న పనే. అయినా నాకు మింగుడుపడదు.

2017లో ఇంకోటి. హార్వీ వైన్‌స్టీన్ మీద లైంగిక దాడుల ఆరోపణలు బయటికి రాకముందు, ఆయన లాయరు బోయిస్ 'బ్లాక్ క్యూబ్' అనే ప్రైవేటు గూఢచారి సంస్థతో ఒప్పందం మీద సంతకం చేశారు. ఒప్పందంలో ఒక లక్ష్యం, న్యూయార్క్ టైమ్స్ కథనాన్ని ఆపడం. అదే సమయంలో బోయిస్ ఫర్మ్ ఇంకో కేసులో న్యూయార్క్ టైమ్స్‌కే లాయరు! రెండు పడవల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పత్రిక వెంటనే ఆ ఫర్మ్‌ని తీసేసింది. గూఢచారుల్ని తను ఎంచుకోలేదని, నడిపించలేదని, అయినా ఆ సంతకం పెట్టడం పొరపాటేనని బోయిస్ తర్వాత చెప్పుకున్నారు.

మన దగ్గర ఈ వృత్తి ఎలా ఉంటుందని అడిగేవాళ్ళుంటారు. బీటెక్ అయ్యాక మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చేసి ఇటు వచ్చినవాళ్ళు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు, పేటెంట్లు, డేటా లీకుల కేసుల్లో లాగ్ ఫైల్ చదవగలిగిన లాయరుకి విలువ ఎక్కువే. కాకపోతే గేట్స్‌ని అడిగినట్టు ట్రయల్‌కి ముందే 20 గంటలు కెమెరా ముందు కూర్చోబెట్టే పద్ధతి మన సివిల్ కేసుల్లో లేదు. సాక్షి అఫిడవిట్ వేస్తాడు, క్రాస్ మాత్రం వాయిదాల మీద వాయిదాలు పడుతూ సాగుతుంది. 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం తెచ్చి గడువులు పెట్టారు. ఆ గడువులకి కూడా వాయిదాలు అడిగే మహానుభావులు ఉన్నారు.

బోయిస్ సంగతికి వస్తే, వైన్‌స్టీన్ గొడవ తర్వాత ఇక అయిపోయాడనుకున్నారు చాలామంది. అవ్వలేదు. జెఫ్రీ ఎప్‌స్టీన్ చేతిలో నలిగిన మహిళల తరఫున ఆయన ఫర్మ్ అంతకు చాలా ముందునుంచే పనిచేస్తోంది. వాడి డబ్బు చూసీ చూడనట్టు వదిలేశాయని 2 పెద్ద బ్యాంకుల మీద దావాలు వేసింది. 2023లో డాయిష్ బ్యాంక్ 7.5 కోట్ల డాలర్లకి, జేపీ మోర్గాన్ 29 కోట్ల డాలర్లకి రాజీకి వచ్చాయి. బోయిస్‌కి అప్పటికి 82 ఏళ్ళు. టైలర్ షుల్ట్జ్ కుటుంబం ఈ మనిషిని ఎలా గుర్తుపెట్టుకుంటుందో, ఈ మహిళలు ఎలా గుర్తుపెట్టుకుంటారో, రెండూ కలవవు. రెండూ ఆయనే.

జేపీ మోర్గాన్ కేసులో బయటపడ్డవాటిలో ముఖ్యమైనవి బ్యాంకు లోపలి మెయిల్సే. ఎప్‌స్టీన్ గురించి ఉద్యోగులు ఏళ్ళ క్రితమే ఒకరికొకరు రాసుకున్న అనుమానాలు. ఎవరూ డిలీట్ చెయ్యలేదు.